మా అమ్మ పది వేళ్ళ తరఫున, వేలిముద్రల మిషన్ గారికి

మహారాజశ్రీ వేలిముద్రల మిషన్ గారి దివ్యసముఖమునకు,

నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మా అమ్మ క్షేమంగానే ఉంది. ఆ మాట తమరు నమ్మరు కాబట్టి రాతపూర్వకంగా తెలియజేసుకుంటున్నాను.

నిన్న మధ్యాహ్నం పన్నెండున్నరకు తమరి కౌంటర్ ముందుకు వచ్చింది మేమే. మూడుంబావుకు వచ్చిన దారినే వెళ్ళిపోయిందీ మేమే. ఈ మధ్యలో తమరు ఇరవై ఆరుసార్లు ఎర్రలైటు వెలిగించారు. లెక్కపెట్టింది నేను కాదు, మా వెనక నిలబడ్డ పెద్దమనిషి. మొదట్లో మనసులోనే లెక్కపెట్టుకున్నాడు. పదిహేను దాటాక పైకే.

కుడి బొటనవేలు పెడితే కుయ్‌మన్నారు. చూపుడువేలు పెడితే కుయ్‌మన్నారు. "గట్టిగా నొక్కండమ్మా" అన్నాడు కౌంటర్‌లోని అబ్బాయి. నొక్కింది. "అంత గట్టిగా కాదమ్మా." వదులు చేసింది. "తడిగా ఉన్నట్టుంది, తుడిచి పెట్టండి." తుడిచింది. "ఇప్పుడు మరీ పొడిగా అయిపోయింది, నుదుటికి రాసి పెట్టండి, కాస్త జిడ్డు అంటుకుంటుంది." అరవై ఎనిమిదేళ్ళ మనిషి అంతమంది ముందు ఒక్కో వేలూ నుదుటికీ ముక్కుకీ రాసుకుంటూ, తమరి ఎర్రటి అద్దం మీద ఆనిస్తూ, "ఇప్పుడొచ్చిందా బాబూ?" అని అడుగుతూ ఉంటే తమరికేమనిపించిందో నాకు తెలియదు. ఆ అద్దం మీద పొద్దుటి నుంచి వచ్చినవాళ్ళందరి జిడ్డూ పొరలుపొరలుగా మెరుస్తోంది. దాన్ని తుడవాలని ఎవరికీ తోచలేదు. తుడుచుకోవాల్సింది మా అమ్మ వేళ్ళే.

అసలు విషయం ఇది కాదు. మేం లోపలికి రాగానే ఆ అబ్బాయి మొహం ఇంత చేసుకుని, "బాగున్నారా అమ్మా? మా పాప పుట్టినరోజు గౌను మీరే కుట్టారు కదా!" అన్నాడు. కూర్చోమని కుర్చీ కూడా వేశాడు. రెండుగంటల ముప్పావు తర్వాత అదే అబ్బాయి, అదే మొహంతో, "మీరు మీరేనని తేలలేదమ్మా, గురువారం రండి" అన్నాడు.

"నేను తెలుసు కదా బాబూ" అంది అమ్మ.

"నాకు తెలుసమ్మా. మిషన్‌కి తెలియాలిగా."

రాత్రంతా ఆ ఒక్క మాటే నా చెవిలో కుయ్‌మంటోంది. ఈ ఉత్తరం దాని గురించే.

మీ వంశచరిత్ర కాస్త చదివాను. అంతసేపు కుర్చీలో ఖాళీగా కూర్చుంటే ఏం చేస్తాను మరి. 1858లో బెంగాల్‌లో విలియం హెర్షెల్ అనే ఇంగ్లీషు దొర, రాజ్యధర్ కొనాయ్ అనే కాంట్రాక్టరు అరచేతికి సిరా పూసి ఒప్పంద పత్రం వెనక ముద్ర వేయించుకున్నాడు. ఎందుకయ్యా అంటే, రేపు ఈ సంతకం నాది కాదనకుండా అతన్ని కాస్త బెదరగొట్టడానికి! తర్వాత ఎప్పుడో దొరగారే రాసుకున్నాడు ఈ సంగతి. అంటే మీ పుట్టుకే అపనమ్మకంలో పుట్టిందన్నమాట. ఎదుటివాడు సంతకం చేసినా సరే, వాడి చర్మం కూడా ఒప్పుకోవాలి.

సంతకమంటే గుర్తొచ్చింది. "వేలిముద్రగాడు" అంటే మన భాషలో ఏమిటో మీకు చెప్పనక్కర్లేదు. నలుగురిలో వేలు సిరాలో ముంచాల్సి రావడం ఎంత నామోషీయో తెలిసిన మా తాతయ్య, కూతురికి అన్నిటికంటే ముందు సంతకం నేర్పించాడు. చివరి అక్షరం కింద ఒక మెలిక తిప్పి, దాని మీద రెండు చుక్కలు పెడుతుంది అమ్మ. నిన్న కూడా పెన్ను సంచిలో పెట్టుకునే వచ్చింది. ఎవరూ అడగలేదు. ఇప్పుడు డాక్టరు, ప్లీడరు, ప్రొఫెసరు, అందరూ మీ ముందు వేలిముద్రగాళ్ళే. సమానత్వం తేవడం అనుకున్నంత కష్టమేం కాదని మిమ్మల్ని చూశాకే అర్థమైంది.

మీ కులదైవాల పేర్లు కూడా సరిగ్గా పెట్టుకోలేదు మీరు. లక్షల ముద్రల్లోంచి ఒక ముద్రను వెతికి తీయడానికి 1024 గళ్ళ లెక్క కట్టడంలో అజీజుల్ హక్, మరో పక్క హేమచంద్ర బోస్ అనే ఇద్దరు పోలీసు ఉద్యోగులు కలకత్తాలో బుర్రలు బద్దలుకొట్టుకుంటే, పద్ధతికి మాత్రం పై అధికారి పేరు: హెన్రీ పద్ధతి. మనిషిని కచ్చితంగా గుర్తుపట్టే విద్యలో, ఆ విద్య ఎవరిదో గుర్తుపట్టలేదు. సరే, అది వదిలేద్దాం.

అన్యాయంగా మాట్లాడకూడదు. 1892లో అర్జెంటీనాలో ఇద్దరు పసిపిల్లల్ని చంపేశారు. తల్లి పొరుగువాడి పేరు చెప్పింది. పోలీసులు వాణ్ని చిత్రహింసలు పెట్టారు. చివరికి తలుపు మీద ఉన్న నెత్తుటి బొటనవేలి ముద్ర ఆ తల్లిదేనని తేలింది. వాడి ప్రాణం నిలబెట్టింది మీ పూర్వీకులే. ఆ ఒక్క పనికి మీకు చేతులెత్తి దండం పెడతాను, పది వేళ్ళూ కలిపి.

కానీ అక్కడ ఒక మనిషి కూర్చుని, భూతద్దం పట్టుకుని, గీత ఎక్కడ ఆగిందో, ఎక్కడ రెండుగా చీలిందో చూశాడు. అనుమానం వస్తే మళ్ళీ చూశాడు. నేరం జరిగినచోట దొరికిన ముద్ర ఎవరిదో తెలియదు కాబట్టి మీరు కావాలి. మరి మా అమ్మ? ఎవరిదో తెలియని ముద్ర కాదు కదా, చెప్పులు వేసుకుని నడిచొచ్చిన మనిషి! పోలీసు పనిలో పదునెక్కిన విద్యను తెచ్చి కౌంటర్ మీద పెట్టారు. భూతద్దం పట్టుకున్న మనిషిని మాత్రం తేవడం మర్చిపోయారు. అక్కడ అనుమానం వస్తే నిపుణుడు మళ్ళీ చూస్తాడు. ఇక్కడ అనుమానం వస్తే ముసలామె మళ్ళీ నొక్కాలి.

ఆ నిపుణులు కూడా తప్పు చేస్తారనుకోండి. 2004లో మాడ్రిడ్ రైళ్ళలో బాంబులు పేలాక, డిటొనేటర్లున్న సంచి మీద దొరికిన ముద్ర అమెరికాలోని ఒక లాయరుదేనని ఎఫ్‌బీఐ గట్టిగా చెప్పింది. ఆయన్ని పట్టుకెళ్ళి లోపల వేసింది. ఆ ముద్ర వేరే మనిషిదని స్పెయిన్ పోలీసులు తేల్చాక వదిలిపెట్టి, క్షమాపణ చెప్పింది. అమెరికా ప్రభుత్వం 20 లక్షల డాలర్లు కట్టుకుంది. ఎఫ్‌బీఐ అంతటిది క్షమాపణ చెప్పింది. నువ్వు "మళ్ళీ ప్రయత్నించండి" అంటావు.

అవును, నువ్వే. ఇంకా "తమరు" అంటూ కూర్చునే ఓపిక నాకు లేదు.

నీ లోపల జరిగేదేమిటో నాకు తెలియదనుకోకు. అద్దం కింద నుంచి వెలుగు వేస్తావు. చర్మపు గట్లు అద్దానికి ఆనినచోట వెలుగు వెనక్కి రాదు, మధ్య సందుల్లో వస్తుంది. ఆ నలుపు తెలుపుల బొమ్మలో గీతలు ఆగేచోట్లు, చీలేచోట్లు ఏరుకుంటావు. చర్మం పొడిబారితే గీత చుక్కలు చుక్కలుగా తెగిపోయి, లేని ముగింపులు కనబడతాయి నీకు. చెమ్మగా ఉంటే గీతలన్నీ కలిసిపోయి ముద్దవుతాయి. తర్వాత పాత ముద్రతో పోల్చి మార్కులు వేస్తావు. అంతే! నువ్వు వేసేది మార్కులు. "ఈమె ఆమే" అనిగానీ "ఈమె ఆమె కాదు" అనిగానీ నీకు తెలియనే తెలియదు. పాస్ మార్కు ఎంతో ఎక్కడో చల్లటి గదిలో కూర్చుని ఇంకెవరో పెట్టారు. తగ్గిస్తే దొంగలు దూరుతారు, పెంచితే సొంతదారులే బయట మిగిలిపోతారు. రెండూ ఒకేసారి పోగొట్టడం ఎవరివల్లా కాదని ఆ పెట్టినవాళ్ళకు బాగా తెలుసు. దొంగ దూరితే వాళ్ళ పరువు పోతుంది. మా అమ్మ బయట మిగిలిపోతే మా అమ్మ మధ్యాహ్నం పోతుంది. ఏది పోగొట్టుకోవాలో తేల్చుకోవడానికి వాళ్ళకు ఎంతసేపు పట్టి ఉంటుంది?

పోనీ దొంగల దగ్గరైనా నీ ప్రతాపం చూపించావా అంటే, 2002లో జపాన్‌లో త్సుతోము మత్సుమోతో అనే ఆయన జెలటిన్‌తో వేలు పోతపోసి పెడితే కిమ్మనకుండా పచ్చలైటు వెలిగించావు. 2013లో వేలు ఆనిస్తే తెరుచుకునే ఐఫోన్ వచ్చిన కొద్దిరోజులకే జర్మనీ హ్యాకర్లు నకిలీ వేలితో తెరిచి చూపించారు. మరుసటి ఏడాది వాళ్ళే, ఒక మంత్రిగారి ఫొటోల్లోంచి ఆవిడ బొటనవేలి ముద్ర తీశామన్నారు. ఆవిడ ఎక్కడా వేలు పెట్టనే లేదు, కెమెరాల ముందుకు వచ్చింది అంతే. జెలటిన్ ముద్దను గుర్తుపట్టావు. ఫొటోలో వేలిని గుర్తుపట్టేలా ఉన్నావు. వెచ్చటి నెత్తురున్న వేలికి మాత్రం కుయ్ కుయ్.

2015లో అమెరికా ప్రభుత్వ ఉద్యోగులు, ఉద్యోగాలకు అప్లై చేసినవాళ్ళు కలిపి 56 లక్షలమంది వేలిముద్రలు దొంగలపాలయ్యాయని బయటపడింది. పాస్‌వర్డ్ పోతే మార్చుకోమంటారు. వేలు పోతే? ఇంకా తొమ్మిదున్నాయి కదా అంటావేమో.

ఆఫీసుల్లో హాజరు వేయించుకునే నీ తమ్ముడికి వేరే ఉత్తరం రాస్తాను. వాడికి మనిషి లోపలికి వచ్చాడా లేదా అన్నదొక్కటే కావాలి, వచ్చి ఏం చేశాడన్నది అక్కర్లేదు. వాడంటే ఇష్టపడేవాళ్ళు నాకు చాలామంది తెలుసు.

నువ్వు ఎవర్ని గుర్తుపట్టవో చూశావా? ఇటుకలు మోసినవాళ్ళని గుర్తుపట్టవు. సిమెంటు కలిపినవాళ్ళని, రోజంతా నీళ్ళలో అంట్లు తోమినవాళ్ళని, సబ్బునీళ్ళలో బట్టలు పిండినవాళ్ళని గుర్తుపట్టవు. ముసలివాళ్ళని గుర్తుపట్టవు. కేన్సర్‌కి వాడే కాపెసిటబీన్ మందు వల్ల కొందరికి వేళ్ళ చర్మం ఊడి గీతలు చెరిగిపోతాయి. ఆ మందు వాడుతున్న ఒక రోగిని ఎయిర్‌పోర్టులో గంటలకొద్దీ ఆపేశారని 2009లో డాక్టర్లు రాశారు. పుట్టుకతోనే వేలి గీతలు లేనివాళ్ళూ ఉంటారు, ఒక జన్యువులో తేడా వల్ల. ఆ స్థితికి డాక్టర్లు సరదాగా పెట్టిన పేరు "ఇమిగ్రేషన్ డిలే డిసీజ్". జబ్బు వేలికి కాదట, క్యూలో ఆలస్యమవడమే జబ్బట! పేరు పెట్టినవాళ్ళకి నీ సంగతి బాగా తెలుసు. మెత్తటి కుర్చీల్లో కూర్చునే చేతులంటేనే నీకు మోజు. ఎంత తక్కువ పని చేస్తే అంత స్పష్టంగా కనబడతాడు మనిషి నీకు.

మా ఇంట్లో ఇంకో మిషన్ ఉంది. కుట్టుమిషన్. ముప్ఫై నాలుగేళ్ళుగా అమ్మ చెయ్యి ఆనగానే కదులుతుంది. నువ్వెవరు అని ఒక్కనాడూ అడగలేదు. కాజాలు, గుండీలు, జిగ్‌జాగులు, ఎన్ని వేల గజాల బట్ట ఆ వేళ్ళ కింద నుంచి జారిపోయిందో. అలా జారీ జారీ బొటనవేలి గీతలు అరిగి నున్నబడ్డాయి. ఎడమ చూపుడువేలి కొస మీద సూదిపోట్లు పడి పడి చర్మం ఆకురాయిలా గట్టిపడింది. దారం కొస వేలికి ఒక చుట్టు చుట్టి, బొటనవేలితో ఇలా దొర్లించి ముడి వేస్తుంది, చూడకుండానే. బట్ట అంచు ఆ రెండు వేళ్ళ మధ్య పెట్టి ఒకసారి నలిపి, "ఇది నూలు కాదు, సగం పాలిస్టర్ కలిసింది" అని కళ్ళు మూసుకుని చెబుతుంది. ఆ వేళ్ళు చదవలేని బట్ట లేదు. ఆ వేళ్ళను చదవలేనిదానివి నువ్వు. మళ్ళీ ఎర్రలైటు ఆమెకా!

తల్లి కడుపులో ఆరో నెలకల్లా ఏర్పడిపోయిన గీతలట అవి, చచ్చేదాకా మారవట. నీ భక్తులు చెప్పే మొదటి శ్లోకం ఇదే. పనిచేసే చేతిని ఒక్కసారి కూడా పట్టుకుని చూసుండరు.

ఆ అబ్బాయి మీద నాకేం కోపం లేదు. నీకు ఎదురుచెప్పి ఒక సంతకం పెడితే, రేపు ఎవరైనా అడిగినప్పుడు వాడి వైపు చెప్పడానికి మిషన్ ఉండదు. నీ మాట వింటే మిషన్ ఉంటుంది. కళ్ళెదుట మనిషిని చూస్తూ "తెలుసు" అన్నవాడి చేతనే "తేలలేదు" అనిపించావు చూడు, అదీ నీ గొప్పతనం. జెలటిన్‌నీ లాయరునీ ఎలాగో క్షమించేస్తాను. దీన్ని మాత్రం నావల్ల కాదు.

ఇంటికొచ్చాక నేనింత ఊగిపోతుంటే అమ్మ మాత్రం చేతులకు క్రీమ్ రాసుకుంటూ కూర్చుంది. గురువారం దాకా రోజూ రాసుకోమన్నారు కదా, రాసుకుంటోంది. ఎడమ చిటికెనవేలితో అంత పని ఎప్పుడూ చేయలేదని, అదైతే పడొచ్చని ఆశ. అంతలో ఏదో గుర్తొచ్చినట్టు లేచి వెళ్ళి, తెల్లదారం ఉండ, సన్న సూది తెచ్చి సంచిలో పెన్ను పక్కన పెట్టుకుంది. ఎందుకంటే, ఆ అబ్బాయి కుడిచేతి కఫ్ గుండీ ఒక్క పోగు మీద వేలాడుతోందట. నువ్వు ఆలోచించుకునేలోపు కుట్టేస్తుందట.

ఇట్లు,
సంతకం చేయడం వచ్చినవాడు