పై పైన పొడి: ఒక గంభీర విన్నపం

‘పై’ అనే మాట తెలుగువాడికి కొత్తది కాదు. మీద అనే అర్థంలో దాన్ని రోజూ వాడుతూనే ఉంటాం. అణాలు చెలామణిలో ఉన్న రోజుల్లో అయితే రూపాయిలో 192వ వంతును పై అనేవారు. అందుచేత డాలస్ శివారులోని మా వీధి తెలుగు కుటుంబాలన్నీ కలిసి చేసుకునే థ్యాంక్స్‌గివింగ్ విందుకు ఎవరెవరు ఏమేం తేవాలో రాసిన పట్టికలో, ఒకరి పేరు పక్కన బిర్యానీ, మరొకరి పేరు పక్కన గుత్తివంకాయ, నా పేరు పక్కన మాత్రం ఒంటరిగా ‘పై’ అని కనిపించినప్పుడు, వాక్యం మధ్యలో ఆగిపోయిందేమో అనుకున్నాను. ఆగలేదట. ఆపిల్ పై, అంటే ఆపిల్ ముక్కలను పిండిరొట్టెలో పెట్టి కాల్చే తీపి వంటకం, తేవాలట. అదీ కొన్నది పనికిరాదట, పిండి తడపడం దగ్గర నుంచీ ఇంట్లోనే జరగాలట. ఈ దేశంలో ఉంటున్నందుకు ఈ దేశపు వంటకం ఒక్కటైనా బల్ల మీద ఉండాలన్నది నిర్వాహకుల అభిప్రాయం.

ఈ దేశపు వంటకం అన్న మాట దగ్గరే నాకు మొదటి సందేహం కలిగింది. మనం తినే ఆపిల్ పుట్టిల్లు కజకిస్థాన్ కొండలు. దాన్ని పిండి గిన్నెలో పెట్టి కాల్చడం ఇంగ్లండుది. రెండో రిచర్డ్ రాజుగారి వంటవాళ్లు 14వ శతాబ్దంలోనే ఆపిల్‌తో పాటు అత్తిపళ్లు, ఎండుద్రాక్ష, బేరిపళ్లు కలిపి, కుంకుమపువ్వు వేసి దాన్ని కాల్చారు. జాజికాయ ఇండొనేషియాలోని బండా దీవులది. పై చేయడానికి అందరూ సిఫారసు చేసే పుల్లని పచ్చ ఆపిల్ గ్రానీ స్మిత్, 19వ శతాబ్దంలో ఆస్ట్రేలియాలో సిడ్నీ దగ్గర ఒక అవ్వగారి తోటలో మొలిచింది. పై మీద కప్పుగా చల్లే వెన్న, మైదా, చక్కెరల పొడి జర్మన్లది. వాళ్ల భాషలో దాని పేరు స్ట్రోయిజెల్, అంటే చల్లినది అనే అర్థం. పెన్సిల్వేనియాలో స్థిరపడిన జర్మన్లను ఆ రోజుల్లో ఇంగ్లీషు మాట్లాడే ఇరుగుపొరుగువారు డచ్ అనే పిలిచేవారు కాబట్టి, హాలండుతో పెద్దగా పని లేకుండానే ఈ పొడి చల్లిన వంటకం డచ్ ఆపిల్ పై అయి కూర్చుందంటారు. మైసూరు బజ్జీలో మైసూరును వెతకని జాతి మనది కనుక ఈ విషయంలో మనం ఎవరినీ నిలదీయలేం.

ఇక 1621లో ప్లిమత్‌లో జరిగిన ఆ మొదటి థ్యాంక్స్‌గివింగ్ విందు విషయానికి వస్తే, అక్కడ అడవి పక్షులు ఉన్నాయి, అక్కడి ఆదివాసులైన వాంపనోగ్ ప్రజలు వేటాడి తెచ్చిన ఐదు జింకలు ఉన్నాయి. ఆపిల్ పై మాత్రం లేదు, ఎందుకంటే ఇంగ్లండు నుంచి వచ్చి అక్కడ దిగినవాళ్లకు అప్పటికి కాపుకొచ్చిన ఆపిల్ తోట లేదు. ఇన్ని దేశాల నుంచి వచ్చినవాళ్లు తొమ్మిది అంగుళాల పళ్లెంలో సర్దుకుని, ఎవరినీ ఎవరూ వీసా అడగకుండా గంటసేపు కలిసి ఉడికితే దాన్ని అచ్చమైన అమెరికా వంటకం అంటున్నారు. దీని మీద నాకు అభ్యంతరం లేదు. పద్ధతి తెలుసుకుందామనే అడుగుతున్నాను.

అసలు విన్నపం పైకప్పు గురించి. ఆపిల్ పైకి మూడు రకాల కప్పులు ఉన్నాయి. పలుచగా ఒత్తిన పిండిరొట్టెను నిండుగా కప్పడం ఒకటి, దాన్నే పట్టీలుగా కోసి నులకమంచంలా అల్లడం రెండోది, పొడి చల్లి ఊరుకోవడం మూడోది. మొదటి రెండూ పరీక్షలు. రొట్టె చిరిగితే కనిపిస్తుంది, అల్లిక తప్పితే కనిపిస్తుంది, అంచు జారితే ఎదురింటావిడకు ముందుగా కనిపిస్తుంది. పొడికి ఈ బాధలేవీ లేవు. కట్టిన గోడ కూలితే మేస్త్రీని పట్టుకుంటారు గానీ, కూలినట్టుగానే కట్టిన గోడకు మేస్త్రీని ఎవరు పట్టుకుంటారు? పొడి ఎక్కువైతే ధారాళం, తక్కువైతే మితం, ఒకచోట నల్లబడితే మోటుదనంలోని అందం. లోపాన్ని ఇంత చౌకగా అలంకారం చేసే సాధనం వంటింట్లో మరొకటి లేదు. ఇంగువ కూడా దీని ముందు దిగదుడుపే. 1940 జనవరిలో బ్రిటన్‌లో వెన్న, చక్కెర రేషన్‌లోకి వెళ్లినప్పుడు అక్కడివాళ్లు కింది రొట్టెను కూడా మానేసి, పండ్ల మీద నాలుగు గుప్పిళ్ల పొడి చల్లి కాల్చుకున్నారు. యుద్ధం ముగిసి ఎన్నేళ్లయినా ఆ అలవాటు మానలేదు. లేమిలో నేర్చిన తప్పుకోలు కలిమిలో సంప్రదాయమైంది.

అయితే కింది రొట్టెకు తప్పుకోలు లేదు. ఒకటింబావు కప్పు మైదాలో, అమెరికాలో స్టిక్ అని పిలిచే 113 గ్రాముల గడ్డకట్టిన వెన్నను ముక్కలు చేసి కలిపి, మంచునీళ్లు మూడు నాలుగు పెద్ద చెంచాలు మాత్రమే చిలకరించి, పిసక్కుండా దగ్గరికి తీయాలి. ఈ పిసక్కుండా అన్న షరతు తెలుగు చేతికి బొత్తిగా గిట్టదు. తరతరాలుగా పూరీ పిండిని, బొబ్బట్ల పిండిని మర్దనా చేసి చేసి మన అరచేతులకు ఒక నైతిక విశ్వాసం ఏర్పడింది: పిసికినకొద్దీ మంచిది. ఇక్కడ పిసికినకొద్దీ మైదా జిగురు సాగి రొట్టె చెప్పు అట్టలా తయారవుతుంది. పైగా వెన్న ముక్కలు పొయ్యిలోకి వెళ్లేదాకా కరగకూడదు. అవి లోపల కరిగి, వాటిలోని నీరు ఆవిరై పైకి తన్నితేనే పొరలు విడతాయి.

ఆరు నెలల సందర్శనకు తెనాలి నుంచి వచ్చి ఉన్న మా అత్తగారు, నేను చల్లటి పిండిని వేళ్ల కొసలతో భయంభయంగా తాకుతుండగా కాసేపు చూశారు. “ఏం బాబూ, అది పిండా, విభూతా? ఇలా ఇవ్వండి” అని చేయి చాచారు. ఇవ్వలేదు. అల్లుడు అత్తగారికి ఏదైనా ఇవ్వనని చెప్పడం మా ఇంటి చరిత్రలో అదే మొదటిసారి.

ఆవిడ ప్రతీకారం ఆపిల్ ముక్కల దగ్గర తీరింది. మూడు పౌన్ల ఆపిళ్లు చెక్కు తీసి, పావు అంగుళం మందాన తరిగి, చక్కెర కలిపి అరగంట పక్కన పెట్టాను. గిన్నె అడుగున నీరు ఊరింది. ఆ నీటిని వడకట్టి, విడిగా మరిగించి, చిక్కబడ్డాక మళ్లీ ముక్కల్లో పోయాలని వంట విధానం చెబుతోంది. లేకపోతే ఆ నీరంతా పొయ్యిలో విడుదలై కింది రొట్టెను నానబెట్టేస్తుంది. నేను ఈ శాస్త్రాన్ని ఆవిడకు వివరించబోయాను. “మాగాయే కదా” అన్నారు ఆవిడ. మామిడి ముక్కలకు ఉప్పు పట్టించి, ఊరిన ఊటను వేరుగా ఎండబెట్టి, ముక్కలను వేరుగా ఎండబెట్టి, మళ్లీ కలిపే పని చిన్నప్పటి నుంచి ప్రతి వేసవిలో చేస్తున్న మనిషికి, చక్కెర ఆపిల్ కణాల్లోంచి నీటిని ఎలా లాగుతుందో నేను చెప్పబోయానన్నమాట. మిగిలిన ఉపన్యాసం నాలో నేనే చెప్పుకున్నాను.

పొడి కలిపే పనిని మాత్రం నేను అడ్డుకోలేకపోయాను. ఒక కప్పు మైదా, ముప్పావు కప్పు బెల్లం రంగు చక్కెర, దాల్చినచెక్క పొడి, చిటికెడు ఉప్పు, ఇంకో స్టిక్ చల్లటి వెన్న. ఇవన్నీ పళ్లెంలో పోసి ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ బొటనవేలికీ మిగిలిన వేళ్లకూ మధ్య వెన్న ముక్కను పెట్టి పిండిలో రాస్తూ, గాజులు పైకి తోసుకుంటూ, మాటా పలుకూ లేకుండా ఐదు నిమిషాలు నలిపారు. మొదట పసుపుపచ్చ రవ్వలా ఉన్నది, తర్వాత తడి ఇసుకలా అయింది, ఆపైన అక్కడక్కడ శనగగింజంత ఉండలు, వాటి మధ్య నూకలంత ఉండలు కట్టాయి. అప్పుడు ఒక గుప్పెడు తీసి గట్టిగా నొక్కి అరచేయి తెరిచారు. వేళ్ల గుర్తులతో సహా ముద్ద నిలిచింది. చూపుడువేలితో ఒక్క పోటు పొడిచారు. రాలిపోయింది. “అరిసెల పిండి తడి చూసేదీ ఇలాగే” అని చేతులు కడుక్కోవడానికి లేచి, పళ్లెంలోకి మరోసారి చూసి, “కాకపోతే చూడ్డానికి సున్నిపిండిలా ఉంది” అన్నారు. నిజమే. ఊరి నుంచి తెచ్చిన సున్నిపిండి అదే రంగులో మా స్నానాలగదిలో గాజు సీసాలో ఉంది.

ఓవెన్ గురించి ఎక్కువ చెప్పను. 425 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఇరవై నిమిషాలు, తర్వాత 375కి తగ్గించి అంచుల్లో రసం చిక్కగా బుడగలు వచ్చేదాకా, పైపొడి తొందరపడి మాడబోతే మీద రేకు కాగితం కప్పాలి. కష్టమంతా బయటికి తీశాకే. పై కనీసం నాలుగు గంటలు చల్లారాలి. వేడిగా కోస్తే లోపలి రసం చిక్కబడక పళ్లెమంతా చెరువవుతుంది. ఇంత మంది ఇంత శ్రద్ధగా చెప్పినా ప్రజలు ఈ నాలుగు గంటలు ఆగరని విన్నాను. గ్రీన్ కార్డు వరుసలో పదేళ్లకు పైగా నిలబడి, ఇంకా ఎన్నేళ్లో చెప్పేవాడు లేకపోయినా కదలకుండా ఉన్న మా వీధివాళ్లకు నాలుగు గంటలు ఒక లెక్కా అని నేను గర్వంగా అనుకున్నాను. ఆ గర్వం నిలవలేదు. ఆ సంగతి చివర చెబుతాను.

ప్రభుత్వాలు ఈ రంగంలో చేతులు ముడుచుకుని కూర్చోలేదు. వెర్మాంట్ రాష్ట్రం 1999లో ఆపిల్ పైని రాష్ట్ర పైగా చట్టం చేసింది. అంతటితో ఆగకుండా, దాన్ని వడ్డించేటప్పుడు చల్లని పాలు ఒక గ్లాసు గానీ, కనీసం అర ఔన్సు బరువున్న చెడ్డార్ చీజ్ ముక్క గానీ, పెద్ద గరిటెడు వనిల్లా ఐస్‌క్రీం గానీ పక్కన ఉంచడానికి చిత్తశుద్ధితో ప్రయత్నించాలని కూడా రాసుకుంది. అర ఔన్సు అని బరువు తేల్చి చెప్పిన ఆ శాసనసభకు నేను చేతులెత్తి నమస్కరిస్తున్నాను. అమెరికా కేంద్ర ప్రభుత్వపు ఆహార ఔషధ సంస్థ అయితే గడ్డకట్టిన చెర్రీ పైలో బరువులో 25 శాతమైనా చెర్రీలు ఉండాలనీ, వాటిలో మచ్చపడినవి 15 శాతం మించరాదనీ కొన్ని దశాబ్దాల పాటు లెక్క పెట్టి, ఆ నిబంధనను 2024లో ఎత్తివేసింది. ఆపిల్ పైకి, బ్లూబెర్రీ పైకి అలాంటి నిబంధన ఎన్నడూ లేదు. చెర్రీ మీద మాత్రమే అంత అనుమానం ఎందుకో చెర్రీకే తెలియాలి.

ఇన్ని చట్టాల మధ్య పైపొడికి మాత్రం చట్టరక్షణ లేకపోవడం అన్యాయం. కనుక నా విన్నపం ఇది. వలస వచ్చిన ప్రతి కుటుంబానికీ మొదటి పదేళ్లు అల్లిక కప్పు నుంచి మినహాయింపు ఇచ్చి, పొడి కప్పునే హక్కుగా ప్రకటించాలి. కొన్న పై పెట్టె విప్పి, దాని మీద ఇంట్లో కలిపిన పొడి చల్లి, పావుగంట ఓవెన్‌లో పెట్టి తెచ్చినవారిని కూడా ఇంట్లో చేసినవారిగానే పరిగణించాలి. మనకు స్వగృహ అని బోర్డు పెట్టిన దుకాణంలో జంతికలు కొని తెచ్చి అతిథులకు పెట్టే సంప్రదాయం ఉండగా, ఇందులో సిగ్గుపడవలసిన అవసరం నాకు కనిపించదు. చీజ్ అర ఔన్సు నిబంధనకు మా వీధి వరకు సవరణగా, ఆవకాయ ముక్క ఒకటి ఐచ్ఛికంగా చేర్చాలి. దీన్ని మాట వరసకు అనడం లేదు. పుల్లని ఆపిల్‌కూ ఆవపిండికీ ఎంత బాగా పొసగుతుందో ఆ రాత్రి స్వయంగా చూశాను.

ఆ రాత్రి ఏం జరిగిందంటే, పై ఓవెన్‌లోంచి దిగిన గంటంబావుకే నిర్వాహకులవారు కత్తి పట్టుకుని వచ్చారు. నాలుగు గంటల సూత్రాన్ని మనవి చేశాను. “పిల్లలకు నిద్ర వస్తోందండీ” అన్నారు. కోశారు. రసం పారింది. మొదటి ముక్క త్రికోణంగా రాక చెంచాతో ఎత్తుకునే పదార్థంగా వచ్చింది, కింది రొట్టె మధ్యలో తడిగానే ఉండిపోయింది, పైపొడి మాత్రం ఎవరేమనుకున్నా తన పని తాను చేసుకుంటూ కరకరలాడింది. “పైదంతా ఇలా రాలిపోతోందేమిటి?” అని నిర్వాహకులవారు గంభీరంగా అడిగారు. నేను జర్మన్ల దగ్గర నుంచి మొదలుపెట్టబోయేలోగా, సోఫా చివర కూర్చున్న మా అత్తగారు “రాలడానికేగా చల్లింది బాబూ” అన్నారు. చర్చ అక్కడితో ముగిసింది. గిన్నెలు ఖాళీ అయ్యాయి. బిర్యానీ మిగిలింది, పై మిగల్లేదు.

మర్నాడు పొద్దున ఫ్రిజ్ తెరిస్తే, కాల్చకుండా మిగిలిన పొడి ఒక గాజు సీసాలో, మూత బిగించి, ముందు వరసలో ఉంది. సీసా మీద కాగితం అంటించి, ముత్యాల్లాంటి అక్షరాలతో ఆవిడ రాశారు: ‘సున్నిపిండి కాదు.’