అన్నం ఉడుకుతుంటే గ్రామర్

ముందు ఈ తగాదా ఎక్కడిదో చెప్పాలి. అమ్మాయి సాయంత్రం పూట ఇంటర్, డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెబుతుంది. ఏబీసీడీలు దాటేసి, తప్పులతో అయినా మాట్లాడగలిగే బ్యాచ్ అది. బోర్డు మీద ఆమె రాసే ఉదాహరణలన్నీ తిండివే. బాబాయ్ జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారు. ఆ బోర్డు ఫొటో ఫ్యామిలీ గ్రూపులో చూసి ఆదివారం పొద్దున్నే వచ్చి కూర్చున్నారు.

బాబాయ్: అది క్లాసా, కర్రీ పాయింటా అమ్మా? పాలు, పప్పు, కోడి, గుడ్డు. గ్రామర్ ఏదీ?

అమ్మాయి: అంతా గ్రామరే బాబాయ్. మొదటి లైనే చూడండి. ‘పాలు విరిగిపోయాయి.’ దీన్ని ఇంగ్లీషులో చెప్పమంటే ‘మిల్క్ హావ్’ అని మొదలుపెడతారు. ఎందుకని? తెలుగులో పాలు బహువచనం. నీళ్లూ అంతే. ‘నీళ్లు కాగాయి’ అంటాం కానీ ‘కాగింది’ అనం. ఇంగ్లీషులో మిల్క్, వాటర్ రెండూ ఏకవచనం. ‘ద మిల్క్ హాజ్ కర్డిల్డ్’ అనాలి. పిల్లాడు తప్పు చేస్తున్నది ఏమీ తెలియక కాదు, తెలుగు బాగా తెలిసి.

బాబాయ్: దానికి ఇంత కథ ఎందుకు? అన్‌కౌంటబుల్ నౌన్స్ అని ఒక పేజీ ఉంటుంది. మిల్క్, వాటర్, రైస్, షుగర్. వీటికి చివర ‘ఎస్’ రాదు, ముందు ‘ఎ’ రాదు, ‘మెనీ’ బదులు ‘మచ్’ వస్తుంది. నోటికొస్తే అయిపోయింది.

అమ్మాయి: ఆ పేజీ నమ్మి హోటల్‌కి వెళ్తే కాఫీ కూడా అడగలేడు. ‘టూ కాఫీస్ ప్లీజ్’ అనడం తప్పు కాదు కదా, రెండు కప్పులని అర్థం. చికెన్ చూడండి. ‘ఐ ఏట్ చికెన్’ అంటే కోడికూర తిన్నాడు. ‘ఐ ఏట్ ఎ చికెన్’ అంటే ఒక కోడిని మొత్తం లాగించాడు. షర్టు మీద ‘ఎగ్’ ఉందంటే సొన అంటింది. ‘యాన్ ఎగ్’ ఉందంటే గుడ్డే కూర్చుంది. కౌంటబులా కాదా అన్నది మాటకు పుట్టుమచ్చలా అతుక్కుని ఉండదు. మనం దాన్ని వస్తువుగా చూస్తున్నామా, పదార్థంగా చూస్తున్నామా అన్నదాన్ని బట్టి మారుతుంది. ఇది మీ పేజీలో ఉందా?

బాబాయ్: ఫుట్‌నోట్‌లో ఉంది. సరే, నా సంగతి విను. నీ పిల్లాడు రేపు ఇంటర్వ్యూలో కోడి గురించి మాట్లాడడు. ‘ఇన్ఫర్మేషన్స్’ అంటాడు, ‘అడ్వైసెస్’ అంటాడు, ‘ఫర్నిచర్స్’ అంటాడు. ఉద్యోగం పోయేది అక్కడ. అవి నీ కూరగాయల బుట్టలో దొరుకుతాయా?

అమ్మాయి: బియ్యం బస్తాలో దొరుకుతాయి. ‘ఎ గ్రెయిన్ ఆఫ్ రైస్’, ‘ఎ స్లైస్ ఆఫ్ బ్రెడ్’, ‘ఎ పించ్ ఆఫ్ సాల్ట్’ అలవాటైనవాడికి ‘ఎ పీస్ ఆఫ్ ఇన్ఫర్మేషన్’ వింతగా ఉండదు.

బాబాయ్: అలాగైతే ఇది చెప్పు. బియ్యమూ గింజలే, పప్పూ గింజలే. ‘రైస్’ ఏకవచనం, ‘లెంటిల్స్’ బహువచనం. ‘వీట్’ ఏకవచనం, ‘ఓట్స్’ బహువచనం. ఇంగ్లీషులో అన్నిటికంటే గందరగోళంగా ఉండేది తిండి మాటలే, నువ్వు అక్కడికే తీసుకెళ్లి పిల్లల్ని కూర్చోబెట్టావు.

(ఇక్కడ అమ్మాయి కాసేపు ఆగింది. బాబాయ్ కాఫీ గ్లాసు అందుకున్నారు.)

అమ్మాయి: వీట్‌కీ ఓట్స్‌కీ తేడా ఎందుకంటే నా దగ్గర సమాధానం లేదు. లేదనే పిల్లలకూ చెబుతాను. కానీ నేను తిండిని పట్టుకున్నది అది సులభమని కాదు బాబాయ్. తెలుగు ఒక దారిన, ఇంగ్లీషు ఇంకో దారిన పోయే చోట్లు వంటింట్లో బాగా కనిపిస్తాయి, అందుకని. క్రియలు తీసుకోండి. ‘అన్నం ఉడుకుతోంది.’ ‘అమ్మ అన్నం ఉడికిస్తోంది.’ మనకు ఉడుకు వేరు, ఉడికించు వేరు. మరుగు, మరిగించు. వేగు, వేయించు. దానంతట అది జరిగితే ఒక మాట, ఎవరో చేస్తే ఇంకో మాట. ఇంగ్లీషు రెండింటికీ ఒకటే వాడుతుంది. ‘ద రైస్ ఈజ్ కుకింగ్.’ ‘మదర్ ఈజ్ కుకింగ్ ద రైస్.’ మొదటిది చెబితే పిల్లలు ఒప్పుకోరు. అన్నం వంట చేయడమేంటి మేడమ్ అంటారు.

బాబాయ్: అంటారు. మా కాలేజీలోనూ అన్నారు.

అమ్మాయి: మీరేం చెప్పారు?

బాబాయ్: ట్రాన్సిటివ్, ఇన్‌ట్రాన్సిటివ్ అని చెప్పాను. ఇంకేం చెబుతాను?

అమ్మాయి: నేను ఉడుకు, ఉడికించు చెప్పి అక్కణ్నుంచి బజారుకు తీసుకెళ్తాను. ధరలు పెరిగాయి, ధరలు పెంచారు. ‘ప్రైసెస్ ఇంక్రీజ్డ్’, ‘దే ఇంక్రీజ్డ్ ప్రైసెస్’. తలుపు తెరుచుకుంది, తలుపు తెరిచాడు. ‘ద డోర్ ఓపెన్డ్’, ‘హి ఓపెన్డ్ ద డోర్’. వాడు ‘ప్రైసెస్ వర్ ఇంక్రీజ్డ్’ అని రాసినప్పుడు ఎవరో పెంచారన్న అర్థం వస్తోందని వాడికే తెలుస్తుంది.

బాబాయ్: వర్ ఇంక్రీజ్డ్ అన్నావు కాబట్టి అడుగుతున్నా. ప్యాసివ్ వాయిస్ ఎలా చెబుతావు? మేం రాముని చేత రావణుడు చంపబడెను అని చెప్పేవాళ్లం. అందరికీ అర్థమైంది.

అమ్మాయి: అర్థమైంది, వాడుకలోకి రాలేదు. ‘బడు’ పెట్టి తెలుగులో ఎవరు మాట్లాడతారు? ఇడ్లీ ఎలా చేస్తారో చెప్పమనండి. ‘మినప్పప్పు నానబెడతారు, రుబ్బుతారు, పులియబెడతారు’ అంటారు. ఎవరు నానబెడతారు? ఎవరో ఒకరు, మనకు అనవసరం. కర్తను చెప్పకుండా వదిలేసిన ఆ ‘తారు’ దగ్గరే ఇంగ్లీషువాడు ప్యాసివ్ వాడతాడు. ‘ద డాల్ ఈజ్ సోక్డ్ అండ్ గ్రౌండ్. ద బ్యాటర్ ఈజ్ ఫర్మెంటెడ్.’ దీన్ని తెలుగు ‘బడు’తో కలిపి చెప్పడం వల్లే పిల్లలకు ప్యాసివ్ అంటే పరీక్షలో మార్చి రాసే లెక్క అయిపోయింది.

(బాబాయ్ దీనికి జవాబు చెప్పలేదు. నా లెక్కలో ఈ పాయింటు అమ్మాయిదే. ఆయన మాత్రం వెంటనే టెన్సుల మీదికి దూకారు.)

బాబాయ్: ప్రెజెంట్ పర్ఫెక్ట్?

అమ్మాయి: గుమ్మంలోకి వచ్చినవాళ్లను మనం అడిగే మొదటి ప్రశ్నే అది. ‘భోంచేశారా?’ ఎప్పుడు తిన్నారని కాదు, ఇప్పుడు వడ్డించాలా వద్దా అని. ‘హావ్ యూ ఈటెన్?’ దానికి ‘ఎనిమిదింటికే తిన్నా’ అంటే టైము వచ్చేసింది కాబట్టి ‘ఐ ఏట్ ఎట్ ఎయిట్’. ‘ఐ హావ్ ఈటెన్ ఎట్ ఎయిట్’ అనకూడదు. తెలుగులో రెండూ ‘తిన్నా’నే, అందుకే కలిసిపోతాయి.

బాబాయ్: అమెరికాలో మనవాళ్ల పిల్లలు ‘డిడ్ యూ ఈట్ యెట్?’ అంటున్నారు మరి.

అమ్మాయి: అక్కడ మాటల్లో అది మామూలే. ఆ మాటకొస్తే వంకాయ ఇక్కడ ‘బ్రింజాల్’, అక్కడ ‘ఎగ్‌ప్లాంట్’, లండన్‌లో ‘ఓబర్జీన్’. కొత్తిమీర లండన్‌లో ‘కొరియాండర్’, అమెరికాలో ‘సిలాంట్రో’. ఏ ఊరికి ఏ మాటో చెప్పి వదిలేస్తా. ‘హావింగ్’ సంగతే అలా వదలకూడదు. ‘ఐ యామ్ హావింగ్ లంచ్’ రైటు. అదే ఊపులో ‘ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్’ అంటారు. హావింగ్ అంటే అక్కడ తినడం, అన్నదమ్ముల్ని తింటున్నావా అని అడుగుతా. ఉండడాన్ని చెప్పే ‘హావ్’కి ‘ఇంగ్’ రాదని వేరే చెప్పక్కర్లేదు. ‘టేస్ట్’ కూడా ఇలాంటిదే. ‘షి ఈజ్ టేస్టింగ్ ద సాంబార్’ అంటే రుచి చూస్తోంది. ‘ద సాంబార్ టేస్ట్స్ గుడ్’ అంటే రుచిగా ఉంది. ఉండడానికి ‘ఇంగ్’ లేదు.

బాబాయ్: ఇది బాగుంది. ఒకేబులరీ మాత్రం లిస్టు ఇచ్చి తీరాలి. రోజుకు పది మాటలు, అర్థాలు, సినానిమ్స్.

అమ్మాయి: లిస్టులో ‘స్పాయిల్డ్’ ఎదురుగా రాటెన్, స్టేల్, సోర్, రాన్సిడ్ అని నాలుగు రాస్తే వాడు ‘రాటెన్ బ్రెడ్’, ‘స్టేల్ ఎగ్’ అని ఎక్కడిదక్కడ తగిలిస్తాడు. ఏ వస్తువుకు ఏ మాటో రావాలి. బ్రెడ్ స్టేల్, గుడ్డు రాటెన్, పాలు సోర్, వెన్న రాన్సిడ్. దీనికి మన తెలుగే పాఠం. అన్నం పాసిపోతుంది, పాలు విరుగుతాయి, గుడ్డు మురుగుతుంది, పెరుగు పులుస్తుంది, బియ్యం ముక్కిపోతాయి. ‘అన్నం విరిగింది’ అంటే మీరు నవ్వరూ? ఇంగ్లీషువాడికీ అలాగే నవ్వొస్తుంది.

బాబాయ్: సరేనమ్మా, ‘ద హిమాలయాస్’కి ‘ద’ ఎందుకు, ‘ఎవరెస్ట్’కి ఎందుకు లేదు? ఏ కూర వండి చెబుతావు?

అమ్మాయి: దానికి వంటిల్లు పనికిరాదు. మీ పేజీ జిరాక్స్ తీసి బట్టీ కొట్టిస్తా.

బాబాయ్: రిపోర్టెడ్ స్పీచ్?

అమ్మాయి: దానికి అత్తగారు కావాలి. ‘సాంబారు ఉప్పగా ఉంది అన్నారు మా అత్తగారు.’ తెలుగులో ఆవిడ మాట ఆవిడ అన్నట్టే, ‘ఉంది’ ఉన్నట్టే ఉంటుంది. ఇంగ్లీషులో ‘సెడ్’ రాగానే లోపలి క్రియ కూడా వెనక్కి జరుగుతుంది. ‘షి సెడ్ దట్ ద సాంబార్ వాజ్ సాల్టీ.’

బాబాయ్: సాంబారు ఇంకా గిన్నెలోనే ఉండి, ఇంకా ఉప్పగానే ఉంటే ‘ఈజ్ సాల్టీ’ అన్నా రైటే. అది చెప్పావా పిల్లలకు?

అమ్మాయి: పేపర్ దిద్దేవాళ్లకు గిన్నెలో సాంబారు ఉందో అయిపోయిందో ఎలా తెలుస్తుంది బాబాయ్? ‘ఈజ్’ కనిపిస్తే కొట్టేస్తారు.