ఉప్పునీటి తొట్టెకు ‘లీటరుకో వాట్’ లెక్క చెల్లదు

ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టుకోవాలనుకునేవారి మధ్య ఒక సలహా చాలాకాలంగా చేతులు మారుతోంది. దాని సారాంశం ఇది: ఖరీదైన లైట్లు అక్కర్లేదు, లీటరుకు ఒక వాట్ చొప్పున తెల్లని ఎల్‌ఈడీ ఫ్లడ్‌లైటు బిగిస్తే పగడాలు పెరుగుతాయి, నీలం దీపాలు సోకుకు మాత్రమే, కెల్విన్ అంకె ఎంత పెద్దదైతే కాంతి అంత బలమైనది, రోజుకు 14 గంటలు వెలిగిస్తే ఎదుగుదల వేగంగా ఉంటుంది, నాచు పట్టిందంటే తప్పంతా లైటుదే. ఇందులో ఖరీదైన లైటు అక్కర్లేదన్న మాట ఒక్కటే నిజం, అదీ పగడాలు లేని తొట్టె విషయంలో. క్లౌన్‌ఫిష్, డామ్సెల్ వంటి చేపలు మాత్రమే ఉన్నచోట మనకు అవి కనిపించేంత వెలుతురు చాలు.

వాట్ అనేది దీపం ఎంత విద్యుత్తు వాడుకుంటుందో చెప్పే కొలత. ఎంత కాంతి ఇస్తుందో, ఆ కాంతి నీటిలో ఎక్కడిదాకా చేరుతుందో దానివల్ల తెలియదు. ట్యూబులైట్ల కాలంలో అమెరికా అభిరుచిపరులు పగడాల తొట్టెకు గాలన్‌కు 3 నుంచి 5 వాట్లు కావాలని లెక్క వేసుకునేవారు. వారి గాలన్ దాదాపు 3.8 లీటర్లు కాబట్టి ‘లీటరుకో వాట్’ అన్నది ఆ పాత లెక్కకు కొత్త వేషమే. దీపాలన్నీ ఇంచుమించు ఒకే తరహాలో వెలిగిన రోజుల్లో అది ఎలాగో నెట్టుకొచ్చింది గానీ, ఒక్కో ఎల్‌ఈడీ ఒక్కో సామర్థ్యంతో, ఒక్కో లెన్సుతో వస్తున్న ఇప్పుడు దానికి ఆధారం లేదు. లీటర్ల లెక్కలోనూ ఇదే చిక్కు ఉంది. 90 సెంటీమీటర్ల పొడవు, 37 వెడల్పు, 30 లోతు ఉన్న తొట్టెలోనూ, 60 పొడవు, 28 వెడల్పు, 60 లోతు ఉన్న తొట్టెలోనూ పట్టేది ఇంచుమించు 100 లీటర్లే. సలహా ప్రకారం రెండింటికీ ఒకే 100 వాట్ల ఫ్లడ్‌లైటు పెట్టాలి. మొదటి తొట్టెలో నడిమి భాగం మండిపోయి రెండు కొసలూ చీకటిగా మిగులుతాయి. రెండోదానిలో విశాలమైన కోణంలో చెదిరిపోయే ఆ కాంతి అడుగున కూర్చున్న పగడం దాకా చేరేది కొంతే.

కొలవవలసింది పార్. 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఉండే, కిరణజన్య సంయోగక్రియకు పనికొచ్చే కాంతి కణాలు ఒక చదరపు మీటరు మీద సెకనుకు ఎన్ని మైక్రోమోళ్లు పడుతున్నాయో అది చెబుతుంది. పగడాన్ని ఉంచబోయే చోటే పార్ మీటరు పెట్టి చూసినప్పుడు మృదు పగడాలకు 50 నుంచి 100, కొమ్మలు వేసే రాతి పగడాలకు 200 నుంచి 350 వరకు ఉండాలన్నది అభిరుచిపరుల అనుభవంలో నిలిచిన లెక్క. మన సముద్రాల్లోని రాతి పగడాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు. లైటు సంగతి ఆలోచించే ముందే, అమ్మకానికి వచ్చిన పగడం ఎక్కడిదో అడిగి తెలుసుకోవాలి.

నీలం సోకుకే అన్న మాట ఈ సలహాలో అన్నింటికంటే పెద్ద పొరపాటు. పగడపు కణజాలంలో జూజాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలు కాపురముంటాయి. పగడానికి కావలసిన ఆహారంలో చాలా భాగాన్ని కాంతితో తయారుచేసి పెట్టేది అవే. వాటిలోని క్లోరోఫిల్, పెరిడినిన్ అనే రంజకాలు నీలం కాంతిని బాగా పీల్చుకుంటాయి. సముద్రపు నీరు ఎరుపును మొదటి కొద్ది మీటర్లలోనే మింగేస్తుంది కాబట్టి లోతున పెరిగే పగడానికి ప్రకృతిలో దొరికేది కూడా ప్రధానంగా నీలమే. అయినా నీలం దీపం బలహీనమైనదని ఎందుకు అనిపిస్తుందంటే, లోపం మన కంటిది. పగటి వెలుగులో 555 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతికి కన్ను ఎంత స్పందిస్తుందో, 450 నానోమీటర్ల నీలానికి అందులో 4 శాతం మాత్రమే స్పందిస్తుంది. వెలుతురును కొలిచే ల్యూమెన్, లక్స్ కొలతలు మానవ నేత్రాన్ని బట్టి తయారైనవే గనుక ఫోనులోని లక్స్ యాప్ ఇక్కడ తప్పుదారి పట్టిస్తుంది. అలాగని తెల్ల లైటు కింద ఏదీ బతకదని కాదు. సాధారణ తెల్ల ఎల్‌ఈడీలో ఉండేది పసుపు పూత పూసిన నీలం చిప్పే, కాబట్టి మష్రూమ్ వంటి మొండి పగడాలు దాని కింద కూడా నెగ్గుకొస్తాయి.

కెల్విన్ కాంతి రంగును సూచించే అంకె, బలాన్ని కాదు. ఎల్‌ఈడీలకు ముందు వాడిన, అదే వాటేజీ గల మెటల్ హాలైడ్ బల్బుల్లో 20,000 కెల్విన్‌వి తరచుగా 10,000 కెల్విన్‌వాటికంటే తక్కువ పార్ ఇచ్చేవి.

ఇక 14 గంటలు. పగడాలు పెరిగే ఉష్ణమండలంలో పగలు సుమారు 12 గంటలు, అందులో ఎండ నడినెత్తిన కాసేది మధ్యాహ్నపు కొద్ది గంటలే. ఒక హద్దు దాటాక శైవలాలు అదనపు కాంతిని వాడుకోలేవు. కణజాలంలో హానికరమైన ఆక్సిజన్ రూపాలు పోగవుతాయి, పగడం తన శైవలాలను వదిలించుకుని తెల్లబడుతుంది. కాంతి చాలనప్పుడు దీనికి విరుద్ధంగా శైవలాలు పెరిగి పగడం గోధుమరంగులోకి తిరుగుతుంది. మీటరు లేనివారు రోజూ గమనించవలసిన గుర్తులు ఈ రెండే. కొత్త లైటును సగం కంటే తక్కువ తీవ్రతతో మొదలుపెట్టి మూడు నాలుగు వారాల్లో పెంచుకుంటూ, గట్టి వెలుతురును 8 నుంచి 10 గంటలకు పరిమితం చేయడం క్షేమం.

నాచుకు లైటు ఒక్కటే కారణం కాదు, తిండి కూడా దొరకాలి. ఆ తిండి నైట్రేటు, ఫాస్ఫేటు. కొత్త తొట్టెలో మొదటి వారాల్లో ఇసుక మీద పరుచుకునే గోధుమరంగు పొర డయాటమ్‌లనే సూక్ష్మ శైవలాలది, వాటికి సిలికేటు కావాలి; బోరునీళ్లలోనే ఉప్పు కలుపుకునే ఇళ్లలో అది కొదవ లేకుండా దొరుకుతుంది. లైటు ఆపేస్తే నాచు కొన్నాళ్లు తగ్గుతుంది, దానితోపాటు పగడమూ పస్తుంటుంది. ముందు టెస్ట్ కిట్‌తో నైట్రేటు, ఫాస్ఫేటు కొలిచి, మేత తగ్గించి, ఆర్వో నీటితో కలిపిన ఉప్పునీటిని మార్చి చూసి, అప్పటికీ నాచు లొంగకపోతేనే లైటు గంటలు తగ్గించాలి.