జెనీవా వెళ్లేవారికే పనికొచ్చే చదువు కాదు

బెంగళూరులో న్యాయశాస్త్రం చదువుతున్న తెలుగు విద్యార్థుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం విస్తృతంగా తిరుగుతోంది. అంతర్జాతీయ మానవ హక్కుల చట్టం చదవడం దండగ అనీ, దేశాలు చేసుకునే ఆ ఒప్పందాలకు మన కోర్టుల్లో విలువ లేదనీ, వాటిని అమలు చేసే నాథుడు లేడనీ, ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల సంస్థలుండే జెనీవాలో ఉద్యోగం దొరికినవారికే అవి పనికొస్తాయనీ దాని సారాంశం. దీన్ని నమ్మి పిల్లలను ఆ సబ్జెక్టు నుంచి మళ్లిస్తున్న తల్లిదండ్రులు ఉన్నారు గనుక జవాబు చెప్పక తప్పదు.

విలువ లేదన్న మాటే అన్నిటికన్నా పెద్ద పొరపాటు. ప్రభుత్వం ఆమోదించినంత మాత్రాన ఒప్పందం దేశీయ చట్టమైపోదు, దాని అమలుకు పార్లమెంటు రాజ్యాంగంలోని 253వ అధికరణం కింద చట్టం చేయవచ్చు అన్నంతవరకు నిజమే. అయితే ఆ చట్టం ఇంకా రాని చోట ఏం జరుగుతుందో 1997 నాటి విశాఖ కేసు చూపింది. (ఇది మన విశాఖపట్నం కాదు, పిటిషన్ వేసిన సంస్థ పేరు.) పనిచేసే చోట లైంగిక వేధింపులను అరికట్టే ప్రత్యేక చట్టం అప్పటికి దేశంలో లేదు. మహిళలపై వివక్షను రూపుమాపడానికి ఐక్యరాజ్యసమితి రూపొందించిన, భారత్ 1993లో ధ్రువీకరించిన (అంటే కట్టుబడతానని అధికారికంగా ఒప్పుకున్న) ఒప్పందాన్ని ఆధారం చేసుకుని సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చి, చట్టం వచ్చేవరకు వాటినే చట్టంగా పాటించాలని ఆదేశించింది. పార్లమెంటు చట్టం 2013లో గానీ రాలేదు. బెంగళూరులోని వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ ఆఫీసుల్లో మన ఆడపిల్లలు ఫిర్యాదు చేసుకునే అంతర్గత కమిటీకి మూలం ఆ తీర్పే.

అమలు చేసేవారు లేరన్నదీ నిలవదు. ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో, 1982లో, సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ పి.ఎన్. భగవతి నిర్బంధ శ్రమను నిషేధించే 23వ అధికరణాన్ని వివరిస్తూ అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒప్పందాలను పరిశీలించారు. కనీస వేతనం కన్నా తక్కువ ఇచ్చి చేయించుకునే పని నిర్బంధ శ్రమేననీ, ఆ నిషేధం ప్రైవేటు వ్యక్తులకూ వర్తిస్తుందనీ తేల్చారు. అనంతపురం, పాలమూరు నుంచి బెంగళూరు కట్టడాలకు వలస వచ్చే కూలీల తరఫున నిలబడే వకీలుకు ఈ తీర్పు నేటికీ ఆధారమే.

భారత్ చేరని ఏర్పాట్లు ఉన్న మాట వాస్తవం. పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలో 1979లోనే చేరినా, వ్యక్తులు నేరుగా ఐరాస కమిటీకి ఫిర్యాదు చేసుకునే ప్రోటోకాల్‌లో (అనుబంధ ఒప్పందంలో) మన దేశం చేరలేదు. చిత్రహింసల వ్యతిరేక ఒప్పందంపై 1997లో సంతకమైతే చేసింది గానీ ధ్రువీకరించలేదు. నా దృష్టిలో ఈ లోటు చదవకపోవడానికి కారణం కాదు, చదవడానికి కారణం. కస్టడీలో దెబ్బలు తిన్న మనిషికి జెనీవా దారి మూసుకుపోయి ఉంటే, అతని వాదన ఇక్కడి హైకోర్టులోనే వినిపించాలి, అది తెలిసిన వకీలూ ఇక్కడే ఉండాలి.

ఉద్యోగాల సంగతికొస్తే, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఐరాస ఒప్పందాన్ని అమలు చేయడానికే వచ్చింది. మాతృకైన ఆ ఒప్పందం తెలియకుండా ఈ చట్టం కింద కేసులు వాదించడం కష్టం. గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించిన 2017 నాటి తీర్పు సైతం అంతర్జాతీయ ఒడంబడికలను చర్చించింది. ఆ కేసు వేసిన కె.ఎస్. పుట్టస్వామి కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి, బెంగళూరువాసి; 2024లో కన్నుమూశారు.