బిల్లు ఎవరి పేరు మీద?

2022లో మన నాయకుల నోట శ్రీలంక ఒక తిట్టుగా మారిపోయింది. ప్రతిపక్షంలో ఎవరుంటే వాళ్లు ‘రాష్ట్రాన్ని మరో శ్రీలంక చేసేస్తున్నారు’ అనడం, అధికారంలో ఉన్నవాళ్లు ఉలిక్కిపడి అప్పుల లెక్కలు అప్పజెప్పడం ఆ ఏడాదంతా నడిచింది. ఉచిత పథకాలే ఆ దేశాన్ని ముంచాయన్న మాట టీవీ చర్చల్లో ఎంతగా నలిగిందంటే, ఇప్పటికీ చాలామంది అదే నిజమనుకుంటున్నారు. ఆ తర్వాత అక్కడ ఏం జరిగిందో పట్టించుకున్నవాళ్లు మాత్రం తక్కువ. అధ్యక్షుడు దేశం విడిచి పారిపోయాడు. మిగిలిన పదవీకాలాన్ని ఇంకొకరు నెట్టుకొచ్చారు. ఎన్నికలు జరిగి, అంతవరకూ ఎక్కువ కాలం ప్రతిపక్షంలోనే గడిపిన వ్యక్తి అధ్యక్షుడయ్యాడు. ధరల మంట తగ్గింది, 2024లో ఆర్థిక వ్యవస్థ 5 శాతం పెరిగింది. అప్పిచ్చిన అంతర్జాతీయ ద్రవ్యనిధి (ఐఎంఎఫ్) దీన్ని తన ఖాతాలో విజయంగా రాసుకుంటోంది. ప్రభుత్వాన్ని మార్చుకున్న తీరులో శ్రీలంకను మెచ్చుకోవాల్సిందే. కానీ సంక్షోభం తెచ్చిపెట్టిన నష్టాన్ని ఎవరి ఖాతాలో వేశారన్న దగ్గర ఆ మెప్పు ఆగిపోతుంది.

ముందు ఆ ఉచితాల సంగతి తేల్చుకుందాం. శ్రీలంకలో బడీ, ఆసుపత్రీ దాదాపు స్వాతంత్య్రం వచ్చిన కాలం నుంచీ ఉచితమే. వాటితోనే మునిగేదైతే ఆ దేశం ఎప్పుడో మునిగి ఉండాలి. 2019 నవంబరులో గెలిచిన గోటబయ రాజపక్స వస్తూనే పన్నులు తెగ్గోశారు. వ్యాట్‌ను 15 నుంచి 8 శాతానికి దించారు. అంతకుముందు ఏడాదికి కోటీ 20 లక్షల శ్రీలంక రూపాయల వ్యాపారం చేసేవాళ్లు వ్యాట్ కట్టాల్సి వస్తే, 30 కోట్లు దాటితేనే కట్టండన్నారు. జీతంలోంచి నెలనెలా పట్టుకునే పన్నూ ఎత్తేశారు. జీడీపీలో 11 శాతానికి పైగా ఉన్న పన్నుల రాబడి ఏడాది తిరిగేసరికి 8 శాతం దగ్గరికి జారింది. 2019 ఏప్రిల్‌లోనే ఈస్టర్ పేలుళ్లతో టూరిజం దెబ్బతింది, వెనకాలే కోవిడ్ వచ్చింది. 2021లో రసాయన ఎరువుల దిగుమతిని రాత్రికి రాత్రి నిషేధించి, దేశమంతా సేంద్రియ సాగు అన్నారు. వరి, తేయాకు రెండూ దెబ్బతిన్నాక నవంబరుకల్లా ఆ మాట వెనక్కి తీసుకున్నారు. డాలరుకు 200 దగ్గర కట్టేసి ఉంచిన రూపాయిని 2022 మార్చిలో వదిలేస్తే, రెండు నెలల్లో 360కి చేరింది. ఏప్రిల్ 12న విదేశీ అప్పులు కట్టలేమని చేతులెత్తేశారు. స్వాతంత్య్రం వచ్చిన 1948 తర్వాత అదే మొదటిసారి. ఈ చిట్టాలో పేదవాడికి పంచిపెట్టిన పద్దు ఎక్కడుంది? ఉన్నవాళ్ల దగ్గర వసూలు చేయకుండా వదిలేసిన పద్దు మాత్రం పైనే కనిపిస్తోంది.

ఆ నెలల్లో జనం బతికిన తీరు గుర్తుంచుకోవాల్సినది. కాగితం లేక పశ్చిమ ప్రావిన్సులో స్కూలు పరీక్షలు వాయిదా వేశారు. బంకుల దగ్గర సైనికులను కాపలా పెట్టారు, క్యూలోనే ప్రాణాలు పోయినవాళ్లూ ఉన్నారు. జూన్ ఆఖరులో అత్యవసర సేవలకు తప్ప పెట్రోలు అమ్మకూడదని రెండు వారాల పాటు నిలిపేశారు. ఆ తర్వాత క్యూఆర్ కోడ్ వచ్చింది. బండి నంబరు మీద రిజిస్టర్ చేసుకుంటే వారం కోటా ఫోన్‌లోకి వచ్చేది: మోటార్ సైకిల్‌కు 4 లీటర్లు, ఆటోకు 5, కారుకు 20. ఆటో నడుపుకుని బతికేవాడికి వారానికి 5 లీటర్లు ఏ మూలకు? అయినా కిలోమీటర్ల పొడవున్న క్యూలు కొద్ది వారాల్లో కరిగిపోయాయి. పెట్రోలు ఒక్కసారిగా వెల్లువెత్తి కాదు, తన వంతు తనకు వస్తుందన్న నమ్మకం కలగడం వల్ల. ఎవరికి ఎంతో ముందే తెలిసింది, ఆ లెక్క అందరి ముందూ ఉంది. కొరతను ఎలా పంచాలో ఆ దేశానికి తెలుసనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

రాజకీయంగా కూడా తెగేదాకా లాగలేదు. కొలంబోలోని గాలే ఫేస్ మైదానంలో ఏప్రిల్ 9న మొదలైన నిరసన శిబిరం మీద మే 9న గోటబయ అన్న, ప్రధాని మహింద రాజపక్స మనుషులు దాడి చేశారు, ఆ రోజే ఆయన ప్రధాని పదవికి రాజీనామా చేయాల్సి వచ్చింది. జులై 9న జనం అధ్యక్ష భవనంలోకి చొరబడి ఈతకొలనులో దూకిన వీడియోలు మన ఫోన్లలోనూ తిరిగాయి. గోటబయ మాల్దీవుల మీదుగా సింగపూర్ చేరి అక్కడి నుంచి రాజీనామా పంపారు. అప్పుడు కుర్చీ ఖాళీ. సైన్యం ముందుకు రావచ్చు, వీధుల్లో ఉన్నవాళ్లే ప్రభుత్వం ప్రకటించుకోవచ్చు. రెండూ జరగలేదు. రాజ్యాంగం చెప్పినట్టే పార్లమెంటులో ఓటింగ్ పెట్టారు. రణిల్ విక్రమసింఘెకు 134 ఓట్లు వచ్చాయి. ఆయన పార్టీకి ఆ సభలో ఉన్న ఒకే ఒక్క సీటు ఆయనదే! రాజపక్సలను తరిమామనుకున్న జనానికి రాజపక్స పార్టీ ఓట్లతో గెలిచిన అధ్యక్షుడు దక్కాడు. ఆయన ప్రమాణం చేసిన మర్నాడు తెల్లవారకముందే సైన్యం వెళ్లి గాలే ఫేస్ శిబిరాన్ని ఊడబెరికింది. విద్యార్థి నాయకులను ఉగ్రవాద నిరోధక చట్టం కింద లోపలేశారు. డబ్బుల్లేవన్న సాకుతో 2023లో జరగాల్సిన స్థానిక ఎన్నికలను ఆపేశారు. అది పౌరుల ప్రాథమిక హక్కుల ఉల్లంఘనేనని అక్కడి సుప్రీంకోర్టు తర్వాత తేల్చింది. ఆర్థిక వ్యవస్థ కుప్పకూలడానికి రాజపక్స సోదరులూ, అప్పటి ఉన్నతాధికారులూ బాధ్యులని 2023 నవంబరులో తీర్పిచ్చింది కూడా ఆ కోర్టే. వ్యవస్థలు వంగాయి, కానీ విరగలేదు. ఢాకాలో 2024లో, కఠ్మాండులో 2025లో ప్రభుత్వాలు కూలినప్పుడు తాత్కాలిక సారథి కోసం పార్లమెంటు బయట వెతుక్కోవాల్సి వచ్చింది. కొలంబోకు ఆ అవసరం పడలేదు.

2022 జులై ఓటింగ్‌లో మూడో అభ్యర్థి ఒకాయన ఉన్నారు, అనుర కుమార దిసనాయకె. ఆయనకు పడ్డవి 3 ఓట్లు. 2019 అధ్యక్ష ఎన్నికల్లో వచ్చింది 3 శాతం. 2024 సెప్టెంబరులో ఆయనకు 42 శాతం వచ్చింది, ఎవరికీ సగానికి పైగా ఓట్లు రాకపోవడంతో ఆ దేశ చరిత్రలో మొదటిసారి రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కించి ఆయనను విజేతగా ప్రకటించారు. రెండు నెలలకు జరిగిన పార్లమెంటు ఎన్నికల్లో ఆయన కూటమి 225లో 159 సీట్లు గెలిచింది. 1971లో, 1987-89లో తుపాకులు పట్టి వేలమందిని పోగొట్టుకున్న జనతా విముక్తి పెరమున (జేవీపీ) ఆయన పార్టీ. అది బ్యాలెట్ దారిలో అక్కడికి చేరింది. ఓడిన రణిల్ మారు మాట్లాడకుండా తప్పుకున్నారు. మన ఉపఖండంలో ఇది చిన్న సంగతేం కాదు.

ఇక బిల్లు దగ్గరికి వద్దాం. ఐఎంఎఫ్ 300 కోట్ల డాలర్ల రుణం ఒప్పుకోవాలంటే అప్పుల భారం తగ్గించి చూపాలి. బాండ్లు కొని ఆ దేశానికి అప్పిచ్చిన విదేశీ మదుపరులతో బేరం 2024 డిసెంబరు దాకా సాగింది. చివరికి వాళ్లు అసలులో 27 శాతం వదులుకున్నారు. అయితే దేశం అనుకున్నదానికన్నా బాగా కోలుకుంటే చెల్లింపులు పెరిగేలా కొత్త బాండ్లలో మెలిక పెట్టించుకున్నారు. దేశం లోపలి అప్పు సంగతి మాత్రం 2023 జూన్ ఆఖరులో నాలుగైదు రోజుల్లో ముగించేశారు. బ్యాంకులకు వరసగా సెలవులిచ్చారు, ఈలోగా శనివారం పార్లమెంటు కూర్చుని తీర్మానం చేసేసింది. కోత పడింది ఎవరికి? ప్రధానంగా ఉద్యోగుల భవిష్య నిధికి, మన భాషలో చెప్పాలంటే పీఎఫ్‌కి.

అక్కడ పీఎఫ్ అంటే ప్రైవేటు ఉద్యోగుల జీతంలోంచి 8 శాతం, యాజమాన్యం వేసే 12 శాతం. గార్మెంట్ ఫ్యాక్టరీలో కుట్టు మిషన్ మీద కూర్చునే అమ్మాయిది, తేయాకు తోటలో అప్పట్లో రోజుకు వెయ్యి రూపాయల కూలీకి ఆకు కోసిన తమిళ మహిళది, షాపులో లెక్కలు రాసే గుమాస్తాది ఆ డబ్బు. ప్రభుత్వ ఉద్యోగికి ఖజానా నుంచి పింఛను వస్తుంది, వీళ్లకు చివర్లో చేతికొచ్చేది ప్రధానంగా ఇదే. ఆ నిధి దగ్గరున్న పాత బాండ్లను ఇచ్చేసి, 2025 దాకా 12 శాతం, ఆ తర్వాత 9 శాతం వడ్డీ ఇచ్చే కొత్త బాండ్లు తీసుకోమన్నారు. మార్కెట్లో వడ్డీ అప్పుడు అంతకన్నా చాలా ఎక్కువ. కాదంటే నిధి ఆదాయం మీద పన్ను 14 నుంచి 30 శాతానికి పెంచుతామన్నారు. దీన్ని బేరం అంటారా, బెదిరింపు అంటారా? పైగా ఆ నిధిని నడిపేది కేంద్ర బ్యాంకే. అంటే ప్రభుత్వం అడిగింది, ప్రభుత్వ సంస్థే సరేనంది. దాచుకున్నవాళ్లను అడిగిన నాథుడు లేడు. బ్యాంకుల చేతిలోని బాండ్ల జోలికి మాత్రం వెళ్లలేదు. బ్యాంకులు కూలితే డిపాజిట్లన్నీ పోతాయి కదా అన్న వాదన ఉంది, అందులో న్యాయమూ ఉంది. కానీ ఆ న్యాయం బ్యాంకు వాటాదారు దాకా వచ్చి, పీఎఫ్ ఖాతాదారు దగ్గర ఆగిపోయింది. ధరలు ఏడాదికి 70 శాతం దాకా ఎగబాకిన కాలంలో దాచుకున్న సొమ్ము విలువ ముందే సగమైపోయింది. మిగిలినదాని మీద ఈ కోత.

కరెంటు సంగతీ అంతే. 2022 ఆగస్టులో సగటున 75 శాతం, ఆరు నెలలకే మరో 66 శాతం పెంచారు. అంటే దాదాపు మూడింతలు. ప్రపంచ బ్యాంకు అంచనాల్లో 2019లో 11 శాతం దగ్గరున్న పేదరికం ఆ తర్వాత 25 శాతం దాకా వెళ్లి 2024లోనూ ఆ దగ్గరే తచ్చాడింది. 2022 ఒక్క ఏడాదిలో మూడు లక్షలకు పైగా విదేశాల్లో పనికి వెళ్లిపోయారు. నిలదొక్కుకున్న ఆర్థిక వ్యవస్థ అని నివేదికల్లో రాసేటప్పుడు వీళ్లు ఏ గడిలో ఉన్నారో వెతకాలి.

ఉత్తరాన తమిళులు ఎక్కువగా ఉండే జాఫ్నాలో ఈ కథ మరోలా వినిపిస్తుంది. యుద్ధకాలంలో పెట్రోలు, సబ్బు, బ్యాటరీలు కూడా ఉత్తరానికి పోకుండా ప్రభుత్వం ఆంక్షలు పెట్టింది. పెట్రోలు చుక్కతో స్టార్ట్ చేసి కిరోసిన్‌తో బండి నడిపిన తరం అక్కడ ఇంకా ఉంది. శ్రీలంక దక్షిణ భాగానికి 2022లో తెలిసొచ్చిన టెన్షన్ వాళ్లకు అంతకు ముప్పై ఏళ్ల నాటిది. అయినా 2024లో జాఫ్నా జిల్లాలోని 6 సీట్లలో 3 దిసనాయకె కూటమికే ఇచ్చారు. అది నమ్మకం కన్నా ఒక చాన్స్ అనుకోవడం మేలు. విద్యార్థుల మీద వాడిన ఆ ఉగ్రవాద నిరోధక చట్టం 1979 నాటిది, దశాబ్దాల పాటు తమిళ యువకుల మీద వాడిందే. దాన్ని రద్దు చేస్తామన్న మాట అనేక ప్రభుత్వాలు ఇచ్చాయి.

దిసనాయకె కూడా ఐఎంఎఫ్ ఒప్పందాన్ని తిరగరాయిస్తానని ఓట్లడిగారు. గెలిచాక అదే ఒప్పందం, అదే బాండ్ల బేరం, వడ్డీలు పోను జీడీపీలో 2.3 శాతం మిగులు చూపాలన్న అదే లక్ష్యం. ఆయనను తప్పుపట్టడం తేలికే. సంతకాలైపోయిన కాగితాలను చింపేసే స్తోమత ఆ దేశానికి లేదని మాకూ తెలుసు. నెలజీతం మీద పన్ను మొదలయ్యే పరిమితిని లక్ష నుంచి లక్షన్నరకు పెంచడం లాంటి ఊరటలు కొన్ని ఇచ్చారు. కానీ పీఎఫ్ కోత గురించి, దాన్ని ఎప్పటికైనా పూడ్చడం గురించి ఆయన స్పష్టమైన హామీ ఏదీ ఇవ్వలేదు. ఎన్నికల ముందు దాని మీద గట్టిగా నిలదీసినవాళ్లలో ఆయన పార్టీ ఉంది.

2025 నవంబరు ఆఖరులో దిత్వా తుపాను కొండ ప్రాంతాలను ఊడ్చేసింది. 600 మందికి పైగా చనిపోయారు. కొండచరియలు విరిగిపడింది ఎక్కువగా తేయాకు తోటల జిల్లాల్లో, అంటే పీఎఫ్ కోత పడిన కుటుంబాల మీదే మళ్లీ. గూడు కట్టివ్వడానికి డబ్బు కావాలి, మిగులు చూపడానికి ఖర్చు తగ్గించాలి. రెండూ ఒకే బడ్జెట్‌లో కుదరాలి. 2028 నుంచి విదేశీ అప్పుల వాయిదాలు పెరుగుతాయి. పెట్రోలుకు వారం కోటా ముందే ప్రకటించిన దేశం ఈ లెక్కా అలాగే ముందే చెప్పాలి. వాయిదాలు పెరిగిన ఏడాది డబ్బు ఎక్కడి నుంచి తెస్తారో, ఎవరి దగ్గర వసూలు చేస్తారో, ఏ నిధి జోలికి పోరో దిసనాయకె సర్కారు ఇప్పుడే పార్లమెంటు ముందు పెట్టాలి. అప్పటిలా బ్యాంకు సెలవుల మధ్య, శనివారం సాయంత్రం కాదు.