తొమ్మిది వాట్ల మహారాజశ్రీ వారికి

మహారాజశ్రీ ఎల్‌ఈడీ బల్బు గారికి,

శ్రీకాకుళం నుంచి మీ పాత ఖాతాదారుడు రాయునది. ఉభయకుశలోపరి అని మొదలెడదామంటే, నిన్న రాత్రి మా వంటింట్లో మీరు కన్నుమూశారు. నాలుగు నెలలు నిండలేదు.

పెట్టె మీద 25,000 గంటలు అని ఉంది. రోజుకి ఐదు గంటలేసుకున్నా పదమూడేళ్ల పైమాటే. నా పెద్దకర్మకి కూడా మీరే వెలుగుతారని ధీమాగా ఉన్నాను.

మీ ఎదుగుదల తెలియనిదేం కాదు. 2014లో ప్రభుత్వం టోకున కొంటేనే మీ ధర 310 రూపాయలు, 2016కి 38. బంగారం ఇలా దిగుంటే ఆడపిల్లల తండ్రులు మీ ఫొటోకి దండేసేవారు. అప్పట్లో నాకో దిగులుండేది. చావులేని బల్బుని మనిషి ఒక్కసారే కొంటాడు, తర్వాత కొట్టువాడి గతేమిటని. ఆ దిగులు తీర్చేశారు.

మూత ఊడదీసి చూశాను. తొమ్మిది చిప్పుల్లో ఒకదాని మీద ఆవగింజంత నల్లమచ్చ. మిగతా ఎనిమిదీ నిక్షేపంలా ఉన్నాయి. ఒకే వరసలో కట్టారు కనక, ఒకడు పోతే ఇంటిల్లిపాదీ సహగమనం. మా ఎలక్ట్రీషియన్ తేల్చేశాడు: “ఓ సుక్క టంకం పెడితే ఎలుగుద్ది బాబూ. మిగిలినవి ఎన్నాళ్లుంటాయో నాను సెప్పలేను.”

ఇళ్లలో ఇలా చచ్చి బతుకుతున్న మీరు, రోడ్డు మీద మమ్మల్ని చంపి బతుకుతున్నారు. మొన్న ఎచ్చెర్ల నుంచి హైవే మీద స్కూటరుపై వస్తుంటే ఎదురుగా ఆటో. హాలోజన్ బల్బు కోసం చేసిన హెడ్‌లైటు డోములో మిమ్మల్ని దూర్చాడు. వెలుగు రోడ్డు మీద పడాల్సింది, నా కళ్లలో పడింది. గేదె ఉందో గొయ్యి ఉందో తెలీక బండాపి, దేవుడికి దండం పెట్టుకున్నాను. 2017 ఏప్రిల్ నుంచి కొత్త బైకులకి పగలు కూడా లైటు ఆర్పే వీల్లేదు కనక అక్కడా మీ బేరానికి ఢోకా లేదు. మా ఊళ్లో డే అండ్ నైట్ జంక్షన్ అని ఒకటుంది. మీ పుణ్యమా అని అందులో నైట్ ఎటుపోయిందో!

అరసవల్లి స్వామి పాదాలకి మార్చిలో, అక్టోబరులో సూర్యుడే వచ్చి వెలుగిస్తాడు. నా వంటింటికి అంత పలుకుబడి లేదు. కొట్టుకెళ్లాను. మీ మీద మార్కరుతో వేసిన తారీఖు పోపు ఆవిరికి చెరిగిపోయింది కనక వారంటీ చెల్లదన్నాడు. ఇంకొకటి కొన్నాను. ఈసారి తారీఖు మీద సెల్లోటేపు అంటించాను.

ఇట్లు,
స్టూలు మీంచి ఇప్పుడే దిగిన మీ విధేయుడు