ఎర్ర త్రికోణం గారికి ఒక ఉత్తరం

ఎర్ర త్రికోణం గారికి నమస్కారం.

కుటుంబ నియంత్రణ గుర్తుగా మీకు పదవీ విరమణ వయసు ఎప్పుడో దాటింది. అయినా కంచరపాలెంలో ఒక పాత గోడ మీద ఇంకా డ్యూటీలోనే ఉన్నారు. పక్కన అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు. చిన్నదాని ముఖం మీద ట్యూషన్ సెంటర్ పోస్టరు.

మీ హయాంలో ఎంత వైభవం! కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్న ఉద్యోగికి ప్రత్యేక ఇంక్రిమెంటు. ముగ్గురు పిల్లలుంటే సర్పంచ్‌గా నిలబడే అర్హతే లేదని 1994 పంచాయతీరాజ్ చట్టం. జనం ఎంత బుద్ధిగా విన్నారంటే, 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి రాష్ట్రంలో సంతానోత్పత్తి రేటు, అంటే ఒక స్త్రీకి సగటున పుట్టే పిల్లల సంఖ్య, 1.7కి దిగింది. జనాభా తగ్గకుండా ఉండాలంటే 2.1 కావాలి. మీరు గెలిచారు, అందుకే ఉద్యోగం ఊడింది.

2024 నవంబరులో అసెంబ్లీ ఆ నిబంధనను ఎత్తేసింది. ఇప్పుడు కనండి, ఇంకా కనండి అంటున్నారు. మీరు మొదటి నుంచీ తలకిందులుగానే నిలబడ్డారు. సర్కారే ఆలస్యంగా మీ దారికొచ్చింది. పక్కనే విజయనగరం ఎంపీ గారు మూడో కాన్పులో ఆడపిల్ల పుడితే 50 వేలు, మగపిల్లవాడైతే ఆవు ఇస్తానన్నారు. మూడో అంతస్తు ఫ్లాటులో ఆవును లిఫ్టు దగ్గర కట్టేయాలా, బాల్కనీలోనా అన్నది మాత్రం చెప్పలేదు.

మాట మార్చడం మన ఒక్కరి విద్యే కాదు. 1972లో ఇద్దరితో ఆపమన్న సింగపూర్ 1987లో స్థోమత ఉంటే ముగ్గురిని కనమంది. దక్షిణ కొరియా ఏళ్ల తరబడి డబ్బు గుమ్మరించినా 2023లో ఆ రేటు 0.72. ఇళ్ల ధరలు, ట్యూషన్ ఫీజులు, కాన్పు తర్వాత ఉద్యోగం ఉంటుందో ఊడుతుందోనన్న భయం: అక్కడివాళ్లు చెప్పే కారణాలన్నీ మన రుషికొండ ఆఫీసు క్యాంటీన్లలో వినిపించేవే.

యాభై మంది పనిచేసే చోట పసిపిల్లల సంరక్షణ కేంద్రం ఉండాలని ప్రసూతి ప్రయోజనాల చట్టానికి చేసిన 2017 సవరణే చెప్పింది. మా అమ్మాయి అడిగితే ఆఫీసువాళ్లు ఒక గది తలుపు తీసి చూపించారు. లోపల విరిగిన కుర్చీలు, పాత ప్రింటరు. అందుకే మా వియ్యపురాలు శ్రీకాకుళం పక్క పల్లెలో ఇల్లు తాళం వేసి వచ్చి మనవడి వెనక పరుగెడుతున్నారు. రాష్ట్ర జనాభా విధానం మొత్తం ఆవిడ అరిగిన మోకాళ్ల మీదే నడుస్తోంది.

మొన్న అమ్మాయి మద్దిలపాలెంలో ఒక వాటా చూసింది. నీళ్లు, కరెంటు సంగతి చెప్పకముందే ఓనరు, "పిల్లలెందరమ్మా?" అన్నారు. ఒక్కడేనంది. "ఇంకొకరు పుడితే ఖాళీ చేయాలి మరి" అన్నారు. మూడో బిడ్డకు అసెంబ్లీ ఒప్పుకుంది, సంతోషం. రెండో బిడ్డకు ఓనరు ఒప్పుకోవాలి.

ఇట్లు,
తమ ఆజ్ఞ శిరసావహించి ఇద్దరితో ఆపిన
ఒక విశాఖవాసి